లీన్ పాఠాలు – 4: తప్పు కనపడితే పని ఆపడం

లీన్ అంటే వృథా తగ్గించి పని నడిపే పద్ధతి. మీ యూనిట్‌లో సగం పనయిన సరుకు ఎక్కడెక్కడ పోగుపడి ఉందో పోయిన పాఠంలో రాసుకోమన్నాను. ఆ కాగితం తీయండి. ఆ పోగులు తప్పుల్ని ఎలా దాస్తాయో ఈసారి చూద్దాం.

చొక్కాలు కుట్టే చిన్న యూనిట్ అనుకుందాం. కాలర్ మెషిన్‌లో దారం టెన్షన్ తప్పి, అడుగున ఉచ్చులు పడుతున్నాయి. పక్క టేబుల్ మీద ముందే మూడు కట్టలున్నాయి కాబట్టి పాడైన కాలర్లు అక్కడివాళ్ల చేతికి మధ్యాహ్నానికి గానీ రావు. ఈలోగా ఇంకో రెండు కట్టలు అలాగే కుట్టేశారు. అన్నీ విప్పాలి, మళ్లీ కుట్టాలి, ఆర్డర్ లేటవుతుంది. కుట్టే మనిషికి పొద్దున్నే అనుమానం వచ్చే ఉంటుంది. ఆపితే ఏమంటారోనని ఊరుకుంది.

కార్ల కంపెనీ టయోటా ఈ విషయాన్ని మగ్గం దగ్గర నేర్చుకుంది. కంపెనీ స్థాపకుడి తండ్రి సకిచి టయోడా 1924లో తయారుచేసిన ఆటోమేటిక్ మగ్గం పడుగులో పోగు తెగగానే దానంతట అదే ఆగిపోయేది. ఇక మగ్గానికొక మనిషి కాపలా అక్కర్లేదు. ఈ పద్ధతినే జిడోకా అంటారు. కార్ల ఫ్యాక్టరీలో టయోటా ఇంజనీరు తాయిచి ఓనో ఆ ఆపే అధికారాన్ని కార్మికుడి చేతికిచ్చాడు. లైన్ పొడవునా తాడు ఉంటుంది. అనుమానం రాగానే లాగితే బోర్డు మీద దీపం వెలుగుతుంది, టీమ్ లీడర్ వస్తాడు. లైన్ మీద కదిలే కారు, ముందే నిర్ణయించిన గీతను చేరేలోపు సరిచేస్తే లైన్ ఆగదు. లేకపోతే ఆగుతుంది.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో 1982లో మూతపడ్డ జనరల్ మోటార్స్ ప్లాంటును 1984లో టయోటాతో కలిసి మళ్లీ తెరిచారు. పనిలో చేరినవాళ్లలో ఎక్కువమంది పాత కార్మికులే. అదివరకు లైన్ ఆపడమంటే భయపడేవాళ్లకు ఇప్పుడు తాడు అందింది. కొద్దికాలానికే నాణ్యతలో జపాన్ ప్లాంటుకు దగ్గరగా వచ్చారు. పనివాళ్లు సరిగా లేరని అనేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ గురించి నిదానంగా ఆలోచించాలి.

తాడు కట్టడం ఎంతసేపు? అసలు కష్టం యజమాని నోట్లోంచి వచ్చే మొదటి మాట దగ్గరే ఉంది. "ఎందుకాపావ్?" అని గద్దిస్తే ఇంకెవరూ ఆపరు. "ఏం కనపడిందమ్మా?" అని అడగండి. ఇంకొకటి, చాలామంది వదిలేసేది: మీ దగ్గర పీస్ రేటు ఉంటే, ఆపిన ప్రతి నిమిషం కూలీ పోయేది కుట్టేవాళ్లకే. ఆ టైముకు మీరు డబ్బు కట్టివ్వకపోతే గంట పెట్టినా మోగదు.

ఈ వారం అభ్యాసానికి ఒక్క టేబుల్ చాలు. ఏ రెండు తప్పులు కనపడితే ఆపాలో అక్కడ పనిచేసేవాళ్లతోనే కూర్చుని తేల్చుకోండి. ఒక గంట పెట్టండి. మోగగానే మీరు గానీ సూపర్‌వైజర్ గానీ చేతిలో పని వదిలి వెళ్లాలి. టైము, ఏం కనపడింది, అప్పటికి ఏం చేశారు – ఈ మూడూ నోట్‌బుక్‌లో రాయండి. ఆపిన మనిషి పేరు మాత్రం రాయొద్దు. వచ్చే పాఠంలో ఆ నోట్‌బుక్ ముందు పెట్టుకుని, ఒక్కో తప్పుకూ ఐదుసార్లు 'ఎందుకు' అని అడుగుతాం.