నేమ్‌సర్వర్లు మార్చాక మెయిల్స్ రావట్లేదా?
నేమ్‌సర్వర్లు (మన డొమైన్ రికార్డులు ఎక్కడున్నాయో చెప్పే సర్వర్లు) క్లౌడ్‌ఫ్లేర్ అనే డీఎన్ఎస్ సర్వీస్‌కి మార్చాక సైట్ బానే ఓపెన్ అవుద్ది కాబట్టి పనైపోయింది అనుకుంటాం, మెయిల్స్ మాత్రం ఆగిపోతాయి. పాత డీఎన్ఎస్ ప్యానెల్ (డొమైన్ రికార్డులు మార్చే పేజీ) పక్కన పెట్టుకుని ఎమ్ఎక్స్ (మెయిల్ ఏ సర్వర్‌కి పోవాలో చెప్పేది), ఎస్‌పీఎఫ్ (మన పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పేది), డీకిమ్ (మెయిల్ మీద డిజిటల్ సంతకాన్ని సరిచూసే కీ) రికార్డులు కొత్తదాంట్లోకి వచ్చాయో లేదో ఒక్కోటీ చూసుకోండి. ఎక్కువగా మిస్సయ్యేది డీకిమ్మే, సెలెక్టర్ పేరు (ఆ రికార్డు ఏ పేరు కింద ఉందో చెప్పేది) తెలీకపోతే క్లౌడ్‌ఫ్లేర్ ఆటోమేటిక్ స్కాన్‌కి అది దొరకదు మరి. ఎస్‌పీఎఫ్ రికార్డులు రెండుంటే రెండూ చెల్లవు, కలిపి ఒకటే చెయ్యండి. ఇంకోటి, ఎమ్ఎక్స్ చూపించే మెయిల్ సబ్‌డొమైన్‌కి ఆరెంజ్ క్లౌడ్ (ట్రాఫిక్ క్లౌడ్‌ఫ్లేర్ మీదుగా పోయే ప్రాక్సీ) ఆన్‌లో ఉంటే మెయిల్స్‌కి ఇబ్బంది రావచ్చు, పోర్ట్ 25 (మెయిల్ సర్వర్లు వాడే దారి) ట్రాఫిక్‌ని క్లౌడ్‌ఫ్లేర్ మామూలుగా ప్రాక్సీ చెయ్యదు, అందుకే గ్రే (ప్రాక్సీ ఆఫ్) చేసెయ్యండి. మెయిల్ హోస్టింగ్ కూడా మార్చుంటే పాతది అప్పుడే క్యాన్సిల్ చెయ్యొద్దు, డాట్‌కామ్‌లకి పాత నేమ్‌సర్వర్లు 48 గంటల దాకా క్యాష్‌లో (మిగతా సర్వర్లు దాచుకున్న పాత కాపీల్లో) ఉంటాయి, అప్పటిదాకా కొన్ని మెయిల్స్ అక్కడికే పోతుంటాయి.