వైన్ పాఠాలు – 4వ భాగం: కారానికి తగిన సీసా

పోయిన భాగంలో ఒక గుటక వైన్‌ని నోట్లో ఉంచుకుని పులుపు, తీపి, వగరు, ఆల్కహాల్ వేడి అని నాలుగుగా విడదీసి చూడటం నేర్చుకున్నాం. ఆ అభ్యాసం ఇంకా చేయనివాళ్లు ముందు అది చేసి రండి. ఈ రోజు పాఠం దాని మీదే ఆధారపడి ఉంది.

ఇప్పుడు అదే వైన్‌ని అన్నం పళ్లెం పక్కన పెడదాం. నేను ఎంచుకున్నది జర్మనీలో మోజెల్ నది వెంబడి పండే రీస్లింగ్ ద్రాక్షతో చేసిన తెల్ల వైన్. మన వంటలతో ఇంతగా కలిసే వైన్ నాకు ఇంకోటి దొరకలేదు. పైగా సీసా మీది లేబుల్ చదవడం నేర్చుకోవడానికి ఇది మంచి బడి.

ముందు నేను చేసిన పొరపాటు చెప్తాను. జర్మనీ వచ్చిన మొదటి ఏడాది నలుగురు స్నేహితులను భోజనానికి పిలిచి గోంగూర మాంసం వండాను. షాపతను మటన్ అనగానే 28 యూరోల ఎర్ర వైన్ చేతిలో పెట్టాడు. లేబుల్ మీద ఆల్కహాల్ 14.5 శాతం అని ఉంది. అప్పటికి నాకు ఆ అంకె విలువ తెలియదు. రెండు ముద్దలు తిని ఒక గుటక వేసేసరికి నోరు భగ్గుమంది. కూర కారం రెట్టింపైనట్టు అనిపించింది. వైన్‌లో పండు రుచి ఎటు పోయిందో తెలియదు. మామిడి పిందె కొరికినట్టు నాలుక మీద వగరు మాత్రం మిగిలింది. అందరూ మర్యాద కోసం గ్లాసు ముగించి మంచినీళ్లు అడిగారు. మిగిలిన సగం సీసా మర్నాడు వట్టి రొట్టె, చీజ్‌తో తాగితే హాయిగా ఉంది. సీసా మంచిదే, దాన్ని పెట్టిన చోటు తప్పు.

కారం నిజానికి రుచి కాదు, మంట. మిరపకాయలోని క్యాప్సైసిన్ నోట్లో వేడిని పసిగట్టే నరాలను తట్టి లేపుతుంది. ఆల్కహాల్ కూడా తట్టేది ఆ నరాలనే. అందుకే 14 శాతం దాటిన వైన్ కారం మంట మీద నూనె పోసినట్టు పనిచేస్తుంది. దానికి వగరు కూడా తోడైతే నోరంతా గరుకుగా మారుతుంది. కాబట్టి కారం భోజనానికి సీసా కొనేటప్పుడు ఎరుపా తెలుపా అన్నది తర్వాత, ముందు శాతం చూడండి.

ఆ శాతం లేబుల్ మీద ఎక్కడో మూలన చిన్న అక్షరాల్లో ఉంటుంది. మోజెల్ సీసాల్లో కొన్నింటి మీద 8 లేదా 8.5 అని, కొన్నింటి మీద 12 అని కనిపిస్తుంది. ద్రాక్షరసంలో లీటరుకు సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాల్ అవుతుంది. మొత్తం పులిస్తే 11 శాతం రావాల్సిన రసాన్ని 8 దగ్గర చల్లబరిచి, వడకట్టి ఆపేశారనుకోండి. మూడు శాతానికి సరిపడా చక్కెర, అంటే లీటరుకు 50 గ్రాముల చొప్పున, అందులోనే మిగిలిపోతుంది. 150 మిల్లీలీటర్ల గ్లాసుకు లెక్కేస్తే దాదాపు రెండు టీ చెంచాలు. వినడానికి ఎక్కువే. కానీ నిమ్మకాయ షర్బత్‌ను తలుచుకోండి. అందులో చక్కెర ఎంత పడుతుందో కలిపేవాళ్లకే తెలుసు, తాగేవాళ్లకు మాత్రం తీపి, పులుపు రెండూ కలిసిన చల్లదనమే తెలుస్తుంది. రీస్లింగ్‌లో పులుపు బాగా ఎక్కువ కాబట్టి ఆ తీపి వెగటు పుట్టించదు. (షుగర్ ఉన్నవాళ్లు ఈ లెక్క మరిచిపోకండి.)

ఇక లేబుల్ మీది మాటలు. ఇలాంటి జర్మన్ వైన్ల తరగతుల్లో కాబినెట్ అంటే అన్నిటికన్నా తేలికైనది. ష్పేట్‌లేజే అంటే ఆలస్యంగా కోసిన పంట. చాలామంది ఈ పేర్లను తీపికి కొలతలు అనుకుంటారు. ఇవి చెప్పేది కోసిన రోజున పండులో ఎంత చక్కెర ఉందో మాత్రమే. ఆ చక్కెరంతా పులియనిస్తే ష్పేట్‌లేజే కూడా తీపి లేకుండా ఉండొచ్చు. అప్పుడు లేబుల్ మీద ట్రోకెన్ అని ఉంటుంది. ట్రోకెన్ అంటే పొడి, తీపి లేనిది. ట్రోకెన్ అన్న మాట లేకుండా 8, 9 శాతం కనిపిస్తే తీపి ఉందని ధైర్యంగా అనుకోవచ్చు.

ఇప్పుడు అభ్యాసం. 8 నుంచి 9 శాతం మధ్య ఉన్న కాబినెట్ ఒకటి తెచ్చి రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి. పళ్లెంలో ఉప్పు, నిమ్మరసం చల్లిన రెండు దోసకాయ ముక్కలు, ఒక బెల్లం ముక్క, కాస్త చేపల పులుసు, రెండు ముక్కల కోడి వేపుడు పెట్టుకోండి.

మొదట ఏమీ తినకుండా ఒక గుటక వేయండి. దవడల కింద నీరూరుతుంది, ఆ పులుపును గుర్తు పెట్టుకోండి. దోసకాయ ముక్క తిని ఇంకో గుటక వేయండి. అదే వైన్ మెత్తబడి, పండు రుచి ముందుకొచ్చినట్టు ఉంటుంది. తిండిలో ఉప్పూ పులుపూ ఉంటే వైన్ పులుపు తగ్గినట్టు తోస్తుంది. ఇప్పుడు బెల్లం కొరికి తాగండి. ఇందాకటి వైన్ పలచబడి, పుల్లటి నీళ్లలా అయిపోతుంది. తిండి తీపి వైన్ తీపిని మించితే ఏ సీసాకైనా ఇదే గతి. పెళ్లి విందుల్లో జిలేబీ పక్కన తీపిలేని వైన్ పెట్టినప్పుడల్లా నాకు బాధ కలిగేది అందుకే. తర్వాత చేపల పులుసు. చింతపండు పులుపుకు దీటుగా నిలబడేంత పులుపు వైన్‌లోనూ ఉంది కాబట్టి ఏదీ రెండోదాన్ని తొక్కేయదు. చివరగా వేపుడు. మంట నాలుక మీద ఉండగానే ఒక గుటక వేసి రెండు క్షణాలు ఆపండి. చల్లదనం, తీపి కలిసి మంటను దించుతాయి, వెంటనే ఇంకో ముక్క తినాలనిపిస్తుంది. ఇది నోటితో తెలుసుకున్నవాళ్లకు ఇక నియమాల పట్టిక అక్కర్లేదు.

సరే, డబ్బు సంగతి. మోజెల్ ఒడ్డున నల్లరాతి పలకలు పరిచినట్టుండే కొండవాలుల్లో తోటలుంటాయి. బ్రెమ్ ఊరి దగ్గరి కాల్మోంట్‌లో వాలు 65 డిగ్రీల దాకా ఉంటుంది. అక్కడ ట్రాక్టరు నిలవదు. కొమ్మ కత్తిరించడం నుంచి గెల కోయడం దాకా చేతిపనే. ఆ చాకిరీకి పడే ఖర్చు ధరలో ఉంటుంది, దానికి డబ్బివ్వడం నాకు ఇష్టమే. లేబుల్ మీద గుట్స్‌అప్‌ఫ్యుల్లుంగ్ అని ఉంటే ద్రాక్ష పండించినవాళ్లే వైన్ చేసి సీసాలో నింపారని అర్థం. అటువంటి కాబినెట్ నేను ఎక్కువగా 10, 12 యూరోలకు కొంటాను. సీసా 75 సెంటీలీటర్లు, అయిదు గ్లాసులు. 12 యూరోలైతే గ్లాసు 2.40. బరువైన గాజుకు, బంగారు అక్షరాలకు మాత్రం నేను పైసా ఎక్కువ ఇవ్వను. మరమూత చూసి చవక సరుకనుకోకండి. తడిసిన అట్టపెట్టె వాసన కొట్టేది చెడిన బిరడా సీసాలే.

ధర మన నాలుకను కూడా మోసం చేస్తుంది. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ పరిశోధకులు 2008లో ప్రచురించిన ప్రయోగంలో 90 డాలర్ల వైన్‌నే ఒకసారి 90 అని, ఒకసారి 10 అని చెప్పి రుచి చూపించారు. ఖరీదు ఎక్కువ చెప్పినప్పుడే బాగుందన్నారు తాగినవాళ్లు. 1976 మే 24న పారిస్‌లో ఫ్రెంచి, కాలిఫోర్నియా వైన్లను పేర్లు దాచి రుచి చూపిస్తే ఫ్రెంచి న్యాయనిర్ణేతలే కాలిఫోర్నియా వైన్లకు ఎరుపులోనూ తెలుపులోనూ మొదటి స్థానం ఇచ్చారు. అందుకే నేను కొత్త సీసా ఏదైనా పేపరు చుట్టి, పాత సీసా పక్కన పెట్టి, ఏది ఏదో తెలియకుండా ఇంట్లోవాళ్లతో పోయించుకుంటాను. మింగిన తర్వాత రుచి ఎంతసేపు నిలుస్తుందో మనసులో లెక్కపెడతాను. అయిదు అంకెలకే మాయమైతే మామూలుది. పదిహేను దాటినా ఇంకా పండు గుర్తొస్తుంటే ఇచ్చిన డబ్బు దక్కినట్టే. సగం మిగిలితే మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు మళ్లీ చూస్తాను. మంచి రీస్లింగ్ రెండో రోజున కూడా తేటగా ఉంటుంది.

వచ్చే భాగం ఎర్ర వైన్, వగరు. అప్పటికి ఒక పని చేసి ఉంచండి. సుమారు 8 యూరోల కాబినెట్ ఒకటి, 15 యూరోలది ఒకటి కొనండి. ఇండియాలో ఉన్నవాళ్లు నాసిక్‌లో చేసే షెనాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ రెండు ధరల్లో తీసుకోండి. పేపరు చుట్టి, మీ ఇంటి మామూలు కూరతోనే తాగండి. ఏ సీసా ముందు ఖాళీ అయిందో నోట్‌బుక్‌లో రాసుకోండి. రాశాకే పేపరు విప్పండి.