ఎండ్రకాయ గుడ్ల టిన్ను తెచ్చిచ్చినారా, సంగటిలోకి ఇట్ల చేసుకోండి

కడప సైడు కువైట్ నుంచి ఎవరన్నా వస్తే బ్యాగులో ఇట్లాంటి టిన్ను ఒకటి ఉన్నా ఉంటాది, మనకేమో సముద్రం దూరం, ఏం చేయాలో తెలీక అల్మారాలో పెట్టేస్తాం.

ముందు టిన్ను చూడండి, మూత ఉబ్బింటే రుచి కూడా చూడకుండా పారేయండి. ఈ గుడ్లు ఫ్యాక్టరీలోనే ఉడికిపోయింటాయి, మళ్లీ ఉడకబెడితే రబ్బరు మాదిరి అయితాయి. బుడ్డల నూనెలో ఎర్రగడ్డ, తెల్లగడ్డ, పచ్చిమిరపకాయ బాగా ఏగినాక కొంచెం పసుపు, మిరియాల పొడి వేసి, నీళ్లు వంచేసిన గుడ్లు లాస్ట్‌లో వేసి మెల్లగా కలిపి 2 నిమిషాలకే స్టవ్ ఆపేయండి. ఉప్పు అస్సలు వేయొద్దు, టిన్నులోనే కావాల్సినంత ఉంటాది, నిమ్మకాయ పిండుకుంటే చాలు. వేడి వేడి రాగి సంగటిలో గుంత చేసి వేసుకుంటే, నాకైతే నాటుకోడి పులుసు కూడా దీని తర్వాతే (మా ఇంట్లో ఒప్పుకోరు లెండి). జొన్నరొట్టెలోకీ ఓకే.

ప్రోటీన్, బి12, ఒమేగా-3 బాగానే ఉంటాయి గానీ కొలెస్ట్రాల్, ఉప్పు కూడా ఎక్కువే, అందుకే బీపీ ఉన్నోళ్లు ఒక స్పూన్‌తో ఆపాల. రొయ్యలు పడనోళ్లు దీని జోలికే పోవద్దు. మిగిలింది స్టీల్ గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టి 2 రోజుల్లో తినేయండి.