హారర్ కథలు రాసి, వేదికపై చెప్పి నిలదొక్కుకోవడం ఎలా? విశాఖ రచయితలకు ఒక మార్గదర్శి

హారర్, ఊహాత్మక కథలు రాయడాన్నీ, వాటిని జనం ఎదుట చెప్పడాన్నీ రెండు వేరు వృత్తులుగా చూడటం మనకు అలవాటైపోయింది. రాసినవారు పత్రికకు పంపి ఊరుకుంటారు, చెప్పేవారు ఎవరో రాసినదానికి గొంతు ఇస్తారు. ఈ రెండు పనులనూ ఒకే మనిషి చేపడితేనే ఈ రంగంలో నిలబడటం సాధ్యమని నా గట్టి నమ్మకం. పత్రికల పారితోషికంతో ఇల్లు గడవదన్నది అందరికీ తెలిసిన సంగతే. అదే కథ ఆడియోగా, ప్రదర్శనగా, లఘుచిత్రానికి స్క్రిప్టుగా మారగలిగితే రాబడికి నాలుగు దారులు ఏర్పడతాయి. అంతకంటే ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. భయం ఎక్కడ పండిందో, ఎక్కడ తేలిపోయిందో కాగితం చెప్పదు, ఎదుట కూర్చున్న శ్రోత చెబుతాడు. రచన, ప్రదర్శన ఒకరిలోనే కలవడం మన ప్రాంతానికి కొత్త కూడా కాదు. విజయనగరంలో స్థిరపడిన ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) తన హరికథలను తానే రచించి, తానే గానం చేశారు. ఉత్తరాంధ్ర పల్లెల్లో జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథ, నాటక పరిషత్తు వేదికల మీద ఏకపాత్రాభినయం మనకు దగ్గరలోనే ఉన్న పాఠశాలలు.

మొదటి కొన్నేళ్లు ఉద్యోగాన్నో, వ్యాపారాన్నో వదులుకోవద్దు. రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922–1993) విశాఖలో న్యాయవాద వృత్తి చేస్తూనే రాశారు. కోర్టు ఆవరణలో వినబడిన మనుషుల మాట ఆయన కథలకు ప్రాణమైంది. షిప్‌యార్డులో పనిచేసినా, పూర్ణామార్కెట్లో కొట్టు నడిపినా, ఆ పనిలో వినే మాటలే రేపు మీ పాత్రల నోట పలుకుతాయి.

ఇక కథావస్తువు సంగతి. పాడుబడ్డ బంగళా, తెల్లచీర, గజ్జెల చప్పుడు ఇప్పుడు ఎవరినీ భయపెట్టవు. పాఠకుడు తాను రోజూ నడిచే దారిలో ఏదో తేడా కనిపించినప్పుడే ఉలిక్కిపడతాడు. విశాఖలో అలాంటి దారులకు కొదవ లేదు. ఒడ్డున మ్యూజియంగా నిలిపిన కురుసుర జలాంతర్గామిలోని ఇరుకు నడవాలు, భీమిలిలోని డచ్చివారి సమాధులు, కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే రైలుమార్గంలోని సొరంగాలు, డాల్ఫిన్స్ నోస్ మీది దీపస్తంభం వంటివన్నీ మనకు అతిపరిచితమైనవి కాబట్టే పనికొస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడిన తర్వాత నగరం రోజుల తరబడి కరెంటు లేక చీకట్లో ఉండిపోయింది, ఆకులన్నీ రాలిపోయి పచ్చని కొండలు మాడిపోయినట్లు కనిపించాయి. ఆ రాత్రులను గడిపినవారి దగ్గర కూర్చుని, ఏ చప్పుడు విన్నారో, ఏ చప్పుడు వినబడక భయపడ్డారో అడిగి రాసుకోండి. ఊహాత్మక కథకు చరిత్ర కూడా మంచి ముడిసరుకు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఆ రోజు దాడి అంతటితో ఆగకపోయి ఉంటే ఈ నగరం ఇవాళ ఎలా ఉండేదన్న ప్రశ్న నుంచి ఒక నవలే పుట్టవచ్చు. అయితే మార్చేది ఒక్క విషయమే కావాలి. మిగిలిన వీధులు, బస్సులు, ఇంటి మాటలు ఉన్నవి ఉన్నట్లే ఉండాలి. నాలుగు విషయాలు ఒకేసారి మార్చితే చదివేవారికి నిలబడటానికి నేల దొరకదు.

ఇక్కడ ఒక విషయం మీద నేను రాజీపడలేను. మన ఏజెన్సీ ప్రాంతంలో చిల్లంగి, అంటే చేతబడి, చేస్తున్నారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన ఘటనలు నిజంగా జరిగాయి. ఆ అపవాదు మోసినవారిలో ఒంటరి స్త్రీలు, వృద్ధులు ఉన్నారు. చేతబడిని కథలో వాడుకోదలచిన రచయిత, మంత్రగత్తె అని ఊరంతా వేలెత్తి చూపిన ముసలామెను చివరికి నిజంగానే మంత్రగత్తెగా తేల్చితే, ఆ అనుమానానికి తన వంతు బలం ఇచ్చినట్లే అవుతుంది. అదే కథను ఆ ఇంటి లోపలి నుంచి చెప్పి చూడండి. రాత్రివేళ గుమ్మం ముందు చేరిన గుంపు, దివిటీల వెలుగు, తెలిసిన గొంతులే తలుపు తట్టడం ఏ దయ్యం కంటే తక్కువ భయం పుట్టించవు. నిజమైన పల్లె పేరు, నిజమైన తెగ పేరు అలాంటి కథలో పెట్టకూడదు. గ్రామదేవతల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. మార్గశిర మాసంలో బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వచ్చే భక్తుల విశ్వాసాన్ని చవకబారు భయానికి వాడుకుంటే మన శ్రోతలే మనకు దూరమవుతారు.

కాగితానికి రాసిన కథను ఉన్నది ఉన్నట్లు వేదిక మీద చదివితే సాధారణంగా పండదు. ఉదాహరణకు ఈ రెండు వాక్యాలు చూడండి: “రాత్రి ఒంటిగంటకు పైవాటాలో కొళాయి చప్పుడు ఆగింది. ఆ వాటాకు నీళ్లు కట్టేసి ఆరు నెలలైంది.” కాగితం మీద ఈ క్రమం బాగుంటుంది, ఎందుకంటే రెండో వాక్యం చదవగానే కన్ను వెనక్కి వెళ్లి మొదటి వాక్యాన్ని మళ్లీ చూస్తుంది. చెవికి ఆ వీలు లేదు. కాబట్టి చెప్పేటప్పుడు, పైవాటా ఖాళీగా ఉందని, ఇంటి ఓనరు గారు దానికి నీళ్లు కట్టేశారని, అద్దె గురించో కరెంటు బిల్లు గురించో మాట్లాడుతున్న ధోరణిలో ముందే, ఏ ఒత్తూ లేకుండా వేసి ఉంచాలి. చాలాసేపటి తర్వాత, “పైన కొళాయి ఆగింది” అని మామూలు గొంతుతో అని ఊరుకోవాలి. ముడి విప్పే పని శ్రోతే చేసుకుంటాడు, అలా తానుగా తెలుసుకున్న భయమే అతని వెంట ఇంటిదాకా వెళుతుంది. అందుకే ప్రతి కథకూ చదివే ప్రతి, చెప్పే ప్రతి అని రెండు ప్రతులు తయారుచేసుకోవడం మంచిది.

చెప్పే ప్రతిలో ఊపిరి తీసుకునే చోట ఒక గీత, పూర్తిగా ఆగే చోట రెండు గీతలు పెట్టుకోండి. భయపెట్టే చోట గొంతు పెంచడం చాలామంది చేసే పని, కానీ గొంతు తగ్గించినప్పుడే జనం ముందుకు వంగి వింటారు. ప, బ, భ వంటి అక్షరాల దగ్గర ఊపిరి నేరుగా తగిలి మైకులో పేలుడు శబ్దం వస్తుంది. మైకును నోటికి ఎదురుగా కాక కాస్త పక్కకు పట్టుకుంటే అది తగ్గుతుంది. బీచ్‌రోడ్డు వైపు ఆరుబయట ప్రదర్శన అయితే మైకుకు స్పాంజి తొడుగు తప్పనిసరి, లేకపోతే కథంతా గాలి హోరులో కొట్టుకుపోతుంది. ఇంట్లో రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపి, దుప్పట్లు, బట్టలు ఎక్కువగా ఉన్న గదిని ఎంచుకుంటే ప్రతిధ్వని తగ్గుతుంది.

వేదికల విషయానికి వస్తే, మొదట పదిమంది మిత్రుల ముందు, తర్వాత కళాశాలల్లో, గ్రంథాలయాల్లో చెప్పండి. 1963లో మొదలైన విశాఖ ఆకాశవాణి కేంద్రం ఇప్పటికీ మన మధ్యనే ఉంది. రేడియో నాటక కళాకారులకు స్వర పరీక్ష ఉంటుంది, ప్రకటన వెలువడినప్పుడు దరఖాస్తు చేసుకోవాలి. పత్రికల్లో ఉగాది, సంక్రాంతి, దీపావళి సమయాల్లో కథల పోటీలు వస్తాయి. కథ స్వంతమని, అనువాదమో అనుసరణో కాదని, మరెక్కడా ప్రచురితం కాలేదని హామీపత్రం జతచేయాలి. ఫేస్‌బుక్‌లోనో వాట్సాప్ సమూహంలోనో పెట్టిన కథను కొన్ని పోటీలు ప్రచురితంగానే లెక్కిస్తాయి కాబట్టి, పంపదలచిన కథను ముందుగా ఎక్కడా పెట్టవద్దు. స్వంతంగా పుస్తకం వేసుకునేవారికి పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బీఎన్ సంఖ్యను కేంద్రప్రభుత్వ సంస్థ ఉచితంగా ఇస్తుంది.

హక్కుల గురించి మాత్రం నిదానంగా చదవండి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే రచనపై హక్కు రచయితది. నమోదు తప్పనిసరి కాదు. రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. అయితే ఊహకు, శీర్షికకు రక్షణ లేదు, రాసిన రూపానికే ఉంది. అందువల్ల నిర్మాతకు కథ నోటితో చెప్పడానికి ముందు దాని సంగ్రహాన్ని రాసి, తేదీ తెలిసేలా ఈమెయిల్లో పంపడం మేలు. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఒప్పందంలో కాలపరిమితి రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికి పరిమితమైనదిగా భావిస్తుంది. “సర్వహక్కులూ, అన్ని మాధ్యమాల్లో, శాశ్వతంగా” అనే మాట కనబడితే సంతకం పెట్టకుండా, ఆడియో, సినిమా, అనువాదం, వేదిక ప్రదర్శన హక్కులను విడివిడిగా రాయమని అడగండి. వేదిక ప్రదర్శన హక్కు ఎవరికీ ఇవ్వకపోవడమే ఉత్తమం, మీ కథను మీరే చెప్పుకోవడానికి మరొకరి అనుమతి కోరే పరిస్థితి రాకూడదు.

ప్రదర్శనకు పిలిచినవారిని ముందే కొన్ని విషయాలు అడిగి తెలుసుకోవాలి: హాలులో దీపాలు తగ్గించే వీలుందా, మైకు ఎవరు చూస్తారు, పిల్లలు వస్తారా, ఎంతసేపు చెప్పాలి. పిల్లలు ఉంటే కథ మార్చుకోవాలి, లేదా వయసు పరిమితిని ఆహ్వానంలోనే వేయించాలి. పారితోషికం, ప్రయాణ ఖర్చులు, రికార్డింగు అనుమతి ఉందో లేదో ఒక చిన్న ఉత్తరంలో రాయించుకుని, సగం సొమ్ము ముందుగా అందిన తర్వాతే తేదీ ఖాయం చేయండి.