స్కూల్ బోర్డు రీకాల్ పిటిషన్‌పై సంతకం పెట్టే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

కోవిడ్ కాలంలో బడులు నెలల తరబడి మూతబడి ఉండటంతో, అమెరికాలో అనేక చోట్ల తల్లిదండ్రులు స్కూల్ బోర్డు (స్థానిక ప్రభుత్వ బడులను నడిపే, ఓటర్లు ఎన్నుకునే మండలి) సభ్యులను పదవీకాలం ముగియకముందే దించేయడానికి రీకాల్ పిటిషన్లు చేపట్టారు. తగినన్ని సంతకాలు పడితే, ఆ సభ్యులను దించాలా వద్దా అని సాధారణంగా ఓటింగు పెడతారు. వాటిలో ఎక్కువగా వినిపించినది శాన్ ఫ్రాన్సిస్కోది. అక్కడ 2022 ఫిబ్రవరి 15న జరిగిన ఓటింగులో గాబ్రియేలా లోపెజ్, అలిసన్ కాలిన్స్, ఫావుఉగా మొలిగా ముగ్గురూ భారీ తేడాతో పదవులు కోల్పోయారు. దీన్ని చూసి రీకాల్ సులువనుకోకూడదు. విస్కాన్సిన్‌లోని మెక్వాన్-థీన్స్‌విల్‌లో 2021 నవంబరులో నలుగురు సభ్యులపై ఓటింగు జరిగినా నలుగురూ నిలబడ్డారు. అసలు బ్యాలెట్ దాకా రాకుండానే ఆగిపోయిన ప్రయత్నాలే ఎక్కువ.

మీ పట్టణంలో ఇలాంటి పిటిషన్ మళ్లీ తిరిగితే, మన తెలుగు కుటుంబాలు అన్నిటికంటే ముందు చూసుకోవలసినది తమ ఇమిగ్రేషన్ హోదా. పిల్లలు ఆ బడిలోనే చదువుతున్నా, ఆ ఇంటికి ఏళ్లుగా ఆస్తిపన్ను కడుతున్నా, రీకాల్ పిటిషన్‌పై సంతకం చేసే హక్కు ఆ స్కూల్ జిల్లాలో, అంటే ఆ బోర్డు పరిధిలో, నమోదైన ఓటర్లకే ఉంటుంది. పౌరసత్వం లేని తల్లిదండ్రులు స్కూల్ బోర్డు ఎన్నికల్లో ఓటు వేయవచ్చని శాన్ ఫ్రాన్సిస్కో ఓటర్లు 2016లో ఆమోదించారు గానీ, అది ఆ నగరానికి సంబంధించిన మినహాయింపు. కాలిఫోర్నియాలోనే ఉన్న ఫ్రీమాంట్‌లోనో శాన్ హోసేలోనో ఉండి ఆ వార్త చదివి, మనకూ ఓటు ఉందనుకుని నమోదు చేసుకుంటే చిక్కుల్లో పడతారు. పౌరసత్వ దరఖాస్తులో ఓటరుగా నమోదయ్యారా, ఓటు వేశారా అన్న ప్రశ్న ఉంటుంది. డ్రైవింగ్ లైసెన్సు తీసుకునేటప్పుడు చూడకుండా టిక్కు పెట్టిన ఓటరు నమోదు గడి కూడా తర్వాత మెడకు చుట్టుకోవచ్చు.

డబ్బు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. వాట్సాప్ గ్రూపులో ఎవరో లింకు పెట్టగానే, పిల్లల కోసమే కదా అని యాభై డాలర్లు పంపేసేవారు మనలో తక్కువేమీ కాదు. అమెరికా ఎన్నికల ప్రచారాలకు విదేశీయులు చందా ఇవ్వడాన్ని సమాఖ్య చట్టం నిషేధిస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నవారు ఇవ్వవచ్చు, హెచ్-1బి వీసాపై ఉన్నవారు ఇవ్వకూడదు. భార్యాభర్తల్లో ఒకరికే గ్రీన్ కార్డు ఉంటే ఎవరి ఖాతా నుంచి డబ్బు వెళ్తోందో చూసుకోవడం మంచిది. బోర్డు సమావేశానికి వెళ్లి మాట్లాడటానికీ, సభ్యులకు ఉత్తరం రాయడానికీ మాత్రం పౌరసత్వంతో పని లేదు.

హక్కు ఉన్నవారు సంతకాన్ని తామే, తమ చేతితోనే పెట్టాలి. ఇంట్లో లేని భర్త తరఫున భార్య పెట్టిన సంతకం చెల్లదు. ఓటరు నమోదు పత్రంలో ఉన్న సంతకంతో అధికారులు పోల్చి చూస్తారు కాబట్టి, అక్కడ పూర్తి పేరు రాసి ఇక్కడ ఇంటిపేరు పొడి అక్షరంతో సరిపెట్టకూడదు. చిరునామా గడిలో ఉంటున్న ఇంటి చిరునామా రాయాలి, పోస్టు బాక్సు పనికిరాదు.

పిటిషన్‌ను నడపదలచుకున్నవారు తమ రాష్ట్ర నిబంధనలతో మొదలుపెట్టాలి. కాలిఫోర్నియాలో లక్షకు పైగా ఓటర్లున్న జిల్లాలో 10 శాతం సంతకాలు చాలు, చిన్న జిల్లాల్లో ఆ శాతం పెరుగుతుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక్కొక్క సభ్యునిపై 51,325 చెల్లుబాటయ్యే సంతకాలు అవసరమయ్యాయి. చెల్లనివి తప్పకుండా ఉంటాయి గనుక అవసరానికి మించి సేకరించాలి. వర్జీనియాలో పిటిషన్ ఓటింగుకు బదులు కోర్టుకు వెళ్తుంది; ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో బడుల మూసివేతపై వేసిన అలాంటి పిటిషన్‌ను 2021లో కోర్టు కొట్టేసింది.

పిటిషన్‌లో ఆరోపణ రాసేటప్పుడు కోపం కంటే మినిట్స్ (బోర్డు సమావేశాల్లో ఏం జరిగిందో రాసిపెట్టే అధికారిక నమోదు) ఎక్కువ ఉపయోగపడతాయి. బడి మూయమన్నది బోర్డా, కౌంటీ ఆరోగ్య శాఖా, గవర్నరా, ఏ తేదీన ఏ సభ్యుడు ఎటు ఓటు వేశాడు అన్నవి చూసుకోకుండా సభ్యులందరినీ ఒకే గాటన కడితే, ఆ పిటిషన్‌ను ఎదుటివారు తేలిగ్గా కొట్టిపారేస్తారు. శాన్ ఫ్రాన్సిస్కోలోనూ అందరూ మూసివేత ఒక్కదాని మీదే ఓటు వేయలేదు. బడులు తెరవకుండానే 2021 జనవరిలో 44 బడుల పేర్లు మార్చాలని బోర్డు తీర్మానించడం, లోవెల్ హైస్కూలు ప్రవేశాలను ప్రతిభ నుంచి లాటరీకి మార్చడం కూడా తల్లిదండ్రులకు, ముఖ్యంగా ఆసియా కుటుంబాలకు, ఆగ్రహం తెప్పించాయి. ఎంత ఆగ్రహం ఉన్నా సభ్యుల ఇళ్ల ముందుకు వెళ్లవద్దు, వారి పిల్లల ప్రస్తావన తేవద్దు.

చివరగా, ఖాళీ అయిన కుర్చీలో ఎవరు కూర్చుంటారో ముందే అడిగి తెలుసుకోవాలి. శాన్ ఫ్రాన్సిస్కోలో కొత్త సభ్యులను మేయర్ లండన్ బ్రీడ్ నియమించారు. ఆ స్థానాలకు మామూలు ఎన్నికలు అదే ఏడాది నవంబరులో ఎలాగూ ఉన్నాయి. మీ జిల్లాలో ఎన్నికలు ఏడాది లోపే ఉంటే, రీకాల్‌కు పెట్టే శ్రమనూ ఖర్చునూ మంచి అభ్యర్థిని నిలబెట్టడానికి పెట్టడమే మేలని నా అభిప్రాయం.