ఇంగ్లీషు ఫ్రేజ్ ఏ రకమో తేలడం లేదా? చిక్కు ఎక్కడుందో చూద్దాం

పదో తరగతి చదివే అమ్మాయి ఒకరోజు నోటు పుస్తకం తెచ్చి చూపించింది. ‘ఇన్ ద గార్డెన్’ పక్కన ఒకచోట అడ్జెక్టివ్ ఫ్రేజ్ (నామవాచకాన్ని వర్ణించే పదబంధం) అనీ, ఇంకోచోట అడ్వర్బ్ ఫ్రేజ్ (పని ఎక్కడ, ఎప్పుడు, ఎలా జరిగిందో చెప్పే పదబంధం) అనీ రాసి, రెండూ తప్పేమోనని చెరిపేసింది. రబ్బరు రుద్ది రుద్ది అక్కడ కాగితం పలచబడింది. నిజానికి రెండు జవాబులూ సరైనవే. ఫ్రేజ్ ఏ రకమో తేల్చేది వాక్యంలో అది చేసే పని. ఆ పని ఇంగ్లీషులో పైకి కనిపించదు. తెలుగులోకి మార్చగానే ప్రత్యయం పట్టి ఇచ్చేస్తుంది.

సమస్య: ఒకే ఫ్రేజ్ రెండు రకాలుగా కనిపిస్తోంది

కారణం: ప్రిపోజిషనల్ ఫ్రేజ్ (‘ఇన్’, ‘ఆఫ్’ లాంటి ప్రిపోజిషన్‌తో మొదలయ్యేది) అనేది నిర్మాణాన్ని బట్టి వచ్చిన పేరు. అడ్జెక్టివ్, అడ్వర్బ్ అనేవి పనిని బట్టి వచ్చినవి. కమ్మరి కొడుకు బడిపంతులు కావచ్చు కదా, అలాగే ఒకే ఫ్రేజ్‌కు రెండు పేర్లూ ఉంటాయి.

పరిష్కారం: ‘ద బాయ్ ఇన్ ద గార్డెన్ ఈజ్ మై బ్రదర్’ అంటే తోటలోని అబ్బాయి మా తమ్ముడు. ‘లోని’ వచ్చింది, అబ్బాయిని వర్ణిస్తోంది, కాబట్టి అడ్జెక్టివ్ ఫ్రేజ్. ‘హి స్లెప్ట్ ఇన్ ద గార్డెన్’ అంటే తోటలో నిద్రపోయాడు. ‘లో’ వచ్చింది, ఎక్కడ నిద్రపోయాడో చెబుతోంది, కాబట్టి అడ్వర్బ్ ఫ్రేజ్.

‘షీ కాల్డ్ ద బాయ్ ఇన్ ద గార్డెన్’ లాంటి వాక్యంలో ‘తోటలోని అబ్బాయిని పిలిచింది’, ‘అబ్బాయిని తోటలో పిలిచింది’ అనే రెండు అర్థాలూ కుదురుతాయి. అప్పుడు ‘హిమ్’ పెట్టి చూడండి. మీరు అనుకున్న అర్థంలో ‘హిమ్’ అన్నమాట ‘ద బాయ్ ఇన్ ద గార్డెన్’ మొత్తానికీ సరిపోతే అది అడ్జెక్టివ్. ‘షీ కాల్డ్ హిమ్ ఇన్ ద గార్డెన్’ అని తోటను విడిగా ఉంచవలసి వస్తే అడ్వర్బ్.

సమస్య: ఐఎన్‌జీ కనిపిస్తే చాలు, అంతా గందరగోళం

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. కారణం చిన్నదే: తెలుగులో నాలుగు వేర్వేరు రూపాలు చేసే పనిని ఇంగ్లీషులో ‘రీడింగ్’ ఒక్కటే చేస్తుంది.

‘రీడింగ్ ఓల్డ్ లెటర్స్ మేక్స్ హర్ హ్యాపీ’: పాత ఉత్తరాలు చదవడం. ఇది జెరండ్ ఫ్రేజ్, నామవాచకం పని చేస్తోంది. ‘రీడింగ్ ఓల్డ్ లెటర్స్, షీ ఫెల్ అస్లీప్’: చదువుతూ నిద్రపోయింది. ఇది పార్టిసిపుల్ ఫ్రేజ్, ఆమె అప్పుడు ఏం చేస్తోందో చెబుతోంది. ‘ద గర్ల్ రీడింగ్ ద లెటర్’: ఉత్తరం చదువుతున్న అమ్మాయి. ఇదీ పార్టిసిపుల్ ఫ్రేజే, కాకపోతే అమ్మాయిని వర్ణిస్తోంది. ‘షీ ఈజ్ రీడింగ్’: చదువుతోంది. ఇందులో ‘ఈజ్ రీడింగ్’ వెర్బ్ ఫ్రేజ్.

చదవడం, చదువుతూ, చదువుతున్న, చదువుతోంది. తెలుగు వ్యాకరణంలో శత్రర్థకం (చదువుతూ), ధాతుజ విశేషణం (చదువుతున్న) అని చదువుకున్నవి వీటిలో ఉన్నాయి. ఆ పాఠాన్ని ఇంగ్లీషు పీరియడ్‌లో మరిచిపోవడం వల్లే ఇంత కష్టం.

దీని వెంటే మరో పొరపాటు వస్తుంది. ‘వాకింగ్ టు స్కూల్, ద రెయిన్ స్టార్టెడ్’ అని రాస్తారు. తెలుగులో చెప్పి చూడండి: ‘బడికి నడుస్తూ వాన మొదలైంది.’ చెవికే తప్పు తెలుస్తుంది. నడిచింది వాన కాదు. మనం ‘నడుస్తుండగా’ అంటాం. ఇంగ్లీషులోనూ అలాగే మార్చాలి: ‘యాజ్ వి వర్ వాకింగ్ టు స్కూల్, ద రెయిన్ స్టార్టెడ్.’ ‘నడుస్తూ తడిసిపోయాం’ అన్నప్పుడు కర్త ఒక్కరే కాబట్టి ‘వాకింగ్ టు స్కూల్, వి గాట్ వెట్’ సరిపోతుంది.

సమస్య: ‘ద బాస్కెట్ ఆఫ్ మ్యాంగోస్ ఆర్ హెవీ’ అని రాస్తున్నారు

కారణం: ‘మామిడిపండ్ల బుట్ట బరువుగా ఉంది’ అన్నప్పుడు ముఖ్యమైన మాట చివర వస్తుంది. ఇంగ్లీషు నౌన్ ఫ్రేజ్‌లో బుట్ట ముందుకు పోయి, పండ్లు క్రియ పక్కకు చేరాయి. మనం అలవాటుగా పక్కనున్నదాన్నే చూస్తాం.

పరిష్కారం: ‘ఆఫ్’ నుంచి క్రియ ముందు వరకు వేలు అడ్డం పెట్టండి. మిగిలేది ‘ద బాస్కెట్’, కాబట్టి ‘ఈజ్’. ‘ఎ లాట్ ఆఫ్ మ్యాంగోస్’ మాత్రం ఇందుకు మినహాయింపు. అక్కడ లెక్కకు వచ్చేవి పండ్లే, ‘ఆర్’ రావాలి.

సమస్య: ఫ్రేజో క్లాజో తెలియడం లేదు

ఇంతవరకు తెలుగును నమ్మమన్నాను. ఇక్కడ నమ్మకండి. కర్త, కాలం చూపే క్రియ రెండూ ఉంటే క్లాజ్, లేకపోతే ఫ్రేజ్. ‘ఆఫ్టర్ ద రెయిన్’ ఫ్రేజ్, ‘ఆఫ్టర్ ద రెయిన్ స్టాప్డ్’ క్లాజ్. తెలుగులో ‘వాన ఆగాక’ అంటాం. ‘ఆగాక’ అసమాపక క్రియ కాబట్టి పిల్లలు దాన్ని కూడా ఫ్రేజ్ అని రాసేస్తారు.

ఇంగ్లీషు క్రియనే పట్టుకుని కాలం మార్చి చూడాలి. ‘స్టాప్డ్’ను ‘స్టాప్స్’ చేయగలం, దానికి ‘ద రెయిన్’ అనే కర్త కూడా ఉంది, కాబట్టి క్లాజ్. ‘బిఫోర్ లీవింగ్ ద హౌస్’లో ‘లీవింగ్’ను ‘లెఫ్ట్’ చేయలేం, కాబట్టి ఫ్రేజ్.

సమస్య: ‘టు’ తర్వాత ‘మీట్’ రాయాలా, ‘మీటింగ్’ రాయాలా?

‘టు’ ఇన్ఫినిటివ్ (కాలం చూపని మూల క్రియారూపం) గుర్తూ కావచ్చు, ప్రిపోజిషనూ కావచ్చు. క్రియ స్థానంలో ‘ద హాలిడేస్’ పెట్టండి. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు ద హాలిడేస్’ కుదిరింది. అంటే ప్రిపోజిషన్, ‘టు మీటింగ్ యు’ అని రాయాలి. ‘ఐ వాంట్ టు ద హాలిడేస్’ కుదరదు. అక్కడ ‘టు మీట్ యు’.