గాయం కారుతోందా? అది రసా, చీమా?

వంశధార ఒడ్డున గుణుపురం, కాశీనగరం వైపు వరికోతల రోజుల్లో వేలికి కొడవలి తెగడం మామూలే. మర్నాడు కట్టు తడిస్తే చాలు, "చీము పట్టేసింది" అని ఇంటిల్లిపాదికీ టెన్షన్. చాలాసార్లు అది చీము కాదు.

సమస్య: కట్టు మీద పల్చటి లేత పసుపు తడి, వాసన లేదు.

కారణం: ఇది రసి. దెబ్బ తగిలిన చోట కణాలు హిస్టమిన్ లాంటివి వదులుతాయి. దాంతో సన్నటి రక్తనాళాలు వెడల్పవుతాయి, గోడల్లో సందులు పడతాయి. రక్తంలోని నీరు, ప్రోటీన్లు, తెల్లకణాలు అందులోంచి గాయంలోకి వస్తాయి. చుట్టూ ఎరుపు, వేడి, వాపు కూడా అందుకే. మొదటి రెండు మూడు రోజులు కంగారు అక్కర్లేదు. గులాబి రంగుంటే కాస్త నెత్తురు కలిసిందన్నమాట.

పరిష్కారం: శుభ్రమైన నీళ్ల ధార కింద కడిగి, శుభ్రమైన గాజుగుడ్డ కట్టండి. పసుపు, సున్నం, కాఫీపొడి వద్దు. మురికి చేరడమే కాదు, లోపల ఏం జరుగుతోందో కనబడదు. ఎండితేనే మానుతుందని గాయాన్ని గాలికి వదిలేయకండి. 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల మీద ప్రయోగం చేస్తే, పల్చటి ఫిల్మ్ కప్పి తడిగా ఉంచిన గాయాల మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంగా కమ్ముకుంది.

గాజుగుడ్డ అంటుకుపోయిందా? అంచున పసుపుగా గట్టిపడింది ఎండిన రసే. కాచి చల్లార్చిన నీళ్లతో బాగా నానబెట్టి, మెల్లగా ఒక మూల నుంచి తీయండి. లాగితే కొత్త చర్మం కూడా ఊడొస్తుంది.

సమస్య: చిక్కగా, పసుపు లేదా ఆకుపచ్చగా కారుతోంది. వాసన, రోజురోజుకీ పెరిగే సలుపు.

కారణం: ఇదే అసలు చీము. బ్యాక్టీరియాతో పోరాడి చచ్చిన తెల్లకణాలే ఇందులో ఎక్కువ.

పరిష్కారం: పిండొద్దు. మందుల షాపులో అడిగి రెండు యాంటీబయాటిక్ మాత్రలు మింగి ఊరుకోవద్దు. లోపల చీము గూడు కట్టితే కోసి తీయాల్సిందే, మాత్రలతో తగ్గకపోవచ్చు. పీహెచ్‌సీకి వెళ్లండి.

గాయం నుంచి ఎర్రటి గీత పైకి పాకినా, చంకలోనో గజ్జలోనో బిళ్ల కట్టినా, చలిజ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకండి, అప్పుడే ఆసుపత్రికి వెళ్లండి. సుగరున్నవాళ్లు కాలి పుండు నొప్పి లేదని ధీమాగా ఉండొద్దు. నరాలు మొద్దుబారితే నొప్పి తెలియదు.

సమస్య: జీడిపిక్కలు ఒలిచిన చేతులకు నీటి బొబ్బలు.

కారణం: తొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. బొబ్బలోని నీరూ రక్తంలోంచి ఊరిందే.

పరిష్కారం: సబ్బుతో కడగండి, బొబ్బ చిదమకండి. పై పొర ఉన్నంతకాలం అదే కట్టు.

ఏ గాయమైనా మట్టిలో అయితే, టెటనస్ టీకా వేసుకుని 5 ఏళ్లు దాటిందేమో చూసుకోండి. దాటితే మళ్లీ వేయించుకోవాలి.